తండ్రి పేరు గడిలో ఒక అడ్డగీత

పాలమూరు వైపు ఒక ఊళ్ళో పేదపిల్లల కోసం నడుస్తున్న బడినీ, దాన్నానుకుని ఉన్న ఉమ్మడి ఇంటినీ చూసి వచ్చి పదిహేను రోజులైంది. ఈ పదిహేను రోజుల్లో ఈ సంపాదకీయం రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ చింపేశాను. మొదట రాసింది చదువుకుంటే చందాల కరపత్రంలా ఉంది. రెండోది చదువుకుంటే పోలీసు ఫిర్యాదులా ఉంది. నేను చూసింది ఆ రెంటిలోనూ ఇమడలేదు. అందుకే ఈసారి చూసింది చూసినట్టు, అక్కడ మేం చేసిన తప్పులతో సహా రాస్తున్నాను.

ఊరి పేరు, సంస్థ పేరు రాయడం లేదు. అది మొహమాటం వల్ల కాదు. కారణం మీకే తెలుస్తుంది.

మేం నలుగురం వెళ్ళాం. చేతులూపుకుంటూ వెళ్ళలేదు. మా సంఘం తరఫున పోగుచేసిన డబ్బుతో కొన్న ఆరు కుట్టుమిషన్లు, రెండు కట్టల నోటు పుస్తకాలు, నాలుగు డజన్ల అరటిపళ్ళు, ఒక కెమెరా తీసుకుని వెళ్ళాం. పత్రికకి ఫొటోలు కావాలి కదా అనుకున్నాం. గేటు దగ్గర పిల్లలు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. ఎండలో ఎంతసేపటినించి నిలబడ్డారో తెలీదు. మేం దిగగానే ఒకేసారి నమస్కారం పెట్టి ఒక స్వాగతగీతం పాడారు. ఆ పాట వాళ్ళకి ఎంత అలవాటైపోయిందంటే పాడుతూనే ఒక పిల్ల జడ విప్పుకుని మళ్ళీ అల్లుకుంటోంది. అప్పుడే మా కాళ్ళు వెనక్కి తగ్గాల్సింది. తగ్గలేదు. ఫొటో తీశాం.

ఆ ఇంటిని నడుపుతున్నావిడ రిటైరైన టీచరమ్మ. ఇరవై ఏళ్ళ కిందట, కుటుంబాలకి కుటుంబాలే బొంబాయికీ, పూణేకీ, హైదరాబాదుకీ మట్టిపనికి వెళ్ళిపోతుంటే, ముసలివాళ్ళ దగ్గర వదిలేసిన ఆడపిల్లలు ఒక్కొక్కరే బడి మానేస్తుంటే, ఏడుగురిని తన ఇంట్లో పెట్టుకుంది. పాలమూరు లేబర్ కట్టిన ఆనకట్టలు దేశమంతా ఉన్నాయని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఆనకట్టలు కట్టినవాళ్ళ పిల్లలు ఎక్కడ పడుకున్నారో అడిగినవాళ్ళు తక్కువ. ఈవిడ అడగడమే కాదు, తన ఇంట్లో చాపలు పరిచింది. ఇప్పుడక్కడ అరవై మందికి పైగా పిల్లలున్నారు. ఏడో తరగతి దాకా అక్కడే బడి. ఎనిమిది నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలోని హైస్కూలుకి నడిచివెళ్తారు. పక్కనున్న రేకుల ఇంట్లో పదకొండు మంది ఒంటరి ఆడవాళ్ళుంటారు. వాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు. కొందరు వితంతువులు, కొందరు భర్త వదిలేసినవాళ్ళు, ముగ్గురు ఒకప్పుడు జోగినులుగా ముద్రపడ్డవాళ్ళు. వాళ్ళే వంట చేస్తారు, పిల్లలకి తలలు దువ్వుతారు, జ్వరమొస్తే పక్కన కూర్చుంటారు. అన్నం వేడిగా ఉంది. పప్పుచారు చిక్కగా ఉంది. పిల్లలు బక్కగా లేరు, బెదురుగా లేరు. ఇది ముందే చెప్పాలి. ఎందుకంటే ఇకమీద నేను అడిగేవన్నీ ఈ మంచిని ఒప్పుకుంటూనే అడుగుతున్నాను.

ఆఫీసు గది బయట గోడకి పెద్ద ఫ్లెక్సీ బోర్డు ఉంది. దాని నిండా పిల్లల ఫొటోలు. ఒక్కో ఫొటో కింద పేరు, ఊరు, ఒక వాక్యం. ‘తల్లి జోగిని.’ ‘తండ్రి అప్పులకి ఆత్మహత్య.’ ‘తల్లి ఎవరితోనో వెళ్ళిపోయింది.’ ‘పూర్తి అనాథ.’ మేం బోర్డు చదువుతూ నిట్టూరుస్తుంటే ఒక అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. ఎనిమిదో తరగతి. బోర్డులో మూడో వరసలో ఉన్న తన ఫొటో చూపించింది.

“ఇది నాలుగో తరగతిల దించిన్రు మేడమ్. కిందున్నది అప్పుడు నాకు సదవరాలె. ఇప్పుడొస్తది” అంది.

ఆ వాక్యం ఏమిటో నేనిక్కడ రాయను. చదువు నేర్పిన బడే ఆ పిల్లకి మొదట చదవడానికి ఇచ్చింది తన తల్లిమీద రాసిన తీర్పుని.

టీచరమ్మని అడిగాను. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టడానికి వీలైన ఏ వివరమూ ఏ ప్రసార సాధనంలోనూ బయటపెట్టకూడదు. పెడితే ఆరునెలల వరకు జైలు గానీ రెండు లక్షల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు అని చెప్పాను. ఆవిడ శాంతంగా విన్నది. తర్వాత అన్నది:

“నువ్వు చెప్పింది నిజమే తల్లీ. కానీ బోర్డు తీసేస్తే బియ్యమెట్ల వస్తయి? వచ్చినోళ్ళు పిల్లల్ని చూస్తరు, బోర్డు చదువుతరు, కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంటరు, చెక్కు రాస్తరు. హాజరు రిజిస్టరు చూసి చెక్కు రాసినోళ్ళని ఇరవై ఏండ్లల్ల నేనొక్కరిని చూడలే.”

నాకు జవాబు రాలేదు. ఎందుకంటే మా కెమెరాలో అప్పటికే ఆ బోర్డు ఉంది, దాని ముందు నిలబడ్డ ఆ పిల్ల కూడా ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆ ఊరి పేరు నేనెలా రాయను?

దయ మీద నడిచే ఇళ్ళలో ఉన్న చిక్కు ఇదే. పిల్లల కష్టమే ఆ ఇంటికి పెట్టుబడి అవుతుంది. కష్టం ఎంత పెద్దదైతే చందా అంత పెద్దది. కాబట్టి కష్టాన్ని తగ్గించి చెప్పడానికి వీల్లేదు, మరిచిపోనివ్వడానికి అసలే వీల్లేదు. నాలుగేళ్ళ కిందట ఏడుస్తూ వచ్చిన పిల్ల ఇవాళ లెక్కల్లో క్లాసు ఫస్టు అయినా బోర్డుమీద మాత్రం ఏడుస్తూనే ఉండాలి. ఈ ఏర్పాటుని టీచరమ్మ కనిపెట్టలేదు. చూడ్డానికి వెళ్ళే మనం కనిపెట్టాం.

మధ్యాహ్నం ఆఫీసులో ప్రవేశ రిజిస్టరు చూశాను. చక్కటి చేతిరాత. తల్లి పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ. కొంతమంది పిల్లలకి తండ్రి పేరు గడిలో ఎర్రసిరాతో ఒక అడ్డగీత. ఏం రాయాలో తోచక అలా గీశామని రికార్డులు రాసే టీచరు చెప్పాడు. ఆ గీత రిజిస్టరు నుంచి టి.సి.లోకి, టి.సి. నుంచి హైస్కూలుకి వెళ్ళింది. అక్కడి పిల్లలు ఒకమ్మాయిని ‘గీత’ అని పిలుస్తున్నారట. ఆ అమ్మాయి పేరు గీత కాదు.

జోగిని, దేవదాసి ఆచారాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో చట్టంతో నిషేధించింది. ఏ ఆడపిల్లనీ దేవుడికి వదలకూడదన్నారు. మంచిదే. కానీ అప్పటికే వదిలేసిన ఆడవాళ్ళకి పుట్టిన పిల్లల గడి సంగతి ఊరూ, ఆఫీసూ కలిసి ఆ పిల్లలకే వదిలేశాయి. ఊరి పెద్దలకి అందరికీ తెలిసిన తండ్రి పేరు ఒక్క రిజిస్టరుకే తెలీదు. అన్నిటికన్నా విచిత్రం, తప్పు చేసినవాడి పేరు దాచడానికి గీసిన గీత పిల్లమీద మచ్చ అయింది.

ఇక్కడ మన చేతిలో ఉన్న ఆధారాలు మనమే వాడటం లేదనిపించింది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని చెప్పింది. తండ్రి బతికి ఉండగా కూడా, ఆయన బిడ్డ బాధ్యత పట్టించుకోని పరిస్థితుల్లో తల్లికి ఆ హోదా ఉంటుందంది. 2015 జులైలో మరో తీర్పులో, పెళ్ళికాని తల్లి తండ్రి పేరు చెప్పనక్కర్లేకుండానే, అతనికి నోటీసు ఇవ్వనక్కర్లేకుండానే, తన బిడ్డకి సంరక్షకురాలు కావచ్చంది. ఒంటరి తల్లి అఫిడవిట్ ఇస్తే బిడ్డకి పుట్టుక సర్టిఫికెట్ ఇవ్వాలని కూడా అదే తీర్పు చెప్పింది. అంటే ఆ గడిలో గీత గీయాల్సిన పని లేదు. సంరక్షకురాలిగా తల్లి పేరు నిండుగా రాయొచ్చు. ఈ మాట ఆ రికార్డుల టీచరుకి చెప్తే ఆయన నిజంగా సంతోషపడ్డాడు. “ఇది ఎవరూ చెప్పలేదు మేడమ్” అన్నాడు. తీర్పు వచ్చి ఇన్నేళ్ళయ్యాక కూడా ఆయనకి ఎవరూ చెప్పలేదంటే, ఆ ‘ఎవరూ’లో మనమూ ఉన్నాం. మన సెమినార్లలో ఈ తీర్పు మీద ఎన్ని పత్రాలు చదివామో గుర్తుచేసుకోండి.

అదే గది అలమరలో పదకొండు పింఛను పాసు పుస్తకాలు కట్టకట్టి ఉన్నాయి. ఉమ్మడి ఇంట్లో ఉండే ఆడవాళ్ళవి. తెలంగాణలో 2014లో ఆసరా పింఛన్లు మొదలయ్యాయి. 2017లో ఒంటరి ఆడవాళ్ళకి కూడా పింఛను వచ్చింది. దానికోసం ఆడవాళ్ళు ఎంతగా తిరిగారో, ఎన్ని దరఖాస్తుల్లో ‘భర్త పేరు’ గడి దగ్గర ఆగిపోయారో మనకి తెలుసు. చివరికి డబ్బు వచ్చింది. వచ్చిన డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతోంది. “వాళ్ళకి తిండి, బట్ట అన్నీ ఇక్కడే కదా, పోగొట్టుకుంటరని నేనే భద్రం చేసిన” అంది టీచరమ్మ. ఆవిడ అందులో ఒక్క రూపాయి సొంతానికి వాడుకోలేదని నేను నమ్ముతాను. లెక్కలు చూపించింది. కానీ ఆ లెక్కలు చూసే హక్కు నాకన్నా ముందు వాళ్ళది.

సాయంత్రం వాళ్ళ దగ్గర కూర్చున్నాం. ఒకావిడ ఉల్లిపాయలు కోస్తోంది. డెబ్భై దాటి ఉంటుంది. ఎలా ఉందమ్మా ఇక్కడ అని అడిగాను.

“మంచిగనే ఉన్నది. తిండికి తక్వ లేదు” అంది. కాసేపాగి, చేత్తో ముఖం తుడుచుకుని అంది: “మమ్ముల జూడనీకె అందరొస్తరు. మేం జూడనీకె ఏడికి పోతమమ్మా?”

అడిగితే తెలిసింది, ఆవిడకి ఒక చెల్లెలుంది. పక్క మండలంలోనే. చూసి నాలుగేళ్ళయింది. బస్సు ఛార్జీకి చేతిలో డబ్బు లేదు. ఆవిడ పేరుమీద నెలనెలా పింఛను పడుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు, ఎవరూ పంపలేదు. అడగొచ్చని ఆవిడకి తోచలేదు, అడుగుతారని టీచరమ్మకి తోచలేదు. తిండిపెట్టిన చెయ్యి ముందు నోరు పెగలదు. హక్కులంటే ఏమిటని మనం కార్యకర్తలకి శిక్షణ ఇస్తాం. నాకైతే ఆ రోజు దాని అర్థం చెల్లెలింటికి బస్సు టికెట్టు.

మేం తీసుకెళ్ళిన కుట్టుమిషన్ల సంగతి కూడా చెప్పాలి. రిబ్బను కత్తిరించాం, చప్పట్లు కొట్టారు. అయ్యాక ఒక ఆడపిల్ల వచ్చి, “మేడమ్, కంప్యూటర్ గదికి తాళమెందుకు?” అనడిగింది. ఎవరో దాత ఇచ్చిన నాలుగు కంప్యూటర్లున్నాయి. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా తాళం తీస్తారు. ఆ టైములో ఆడపిల్లలు కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం, చిన్నపిల్లలకి స్నానాలు చేయించడం. కాబట్టి కంప్యూటర్ల దగ్గరికి మగపిల్లలే వెళ్తారు. ఆడపిల్లలు వద్దని నియమం ఎక్కడా లేదు. పని వేళలు అలా కుదిరాయంతే. మన ఇళ్ళల్లో కూడా ఇంతేగా, ఎవరూ వద్దనరు. స్త్రీల హక్కుల సంఘం అయిన మేము ఆలోచించి ఆలోచించి ఆడపిల్లల కోసమని కుట్టుమిషన్లు తీసుకెళ్ళాం. ఆ పిల్ల ప్రశ్న మా రిబ్బనుని రెండోసారి కత్తిరించింది.

ఇక అందరికన్నా పెద్ద ప్రశ్న: ఈ పిల్లలు అసలు ఇక్కడ ఎందుకున్నారు? అనాథలు కాబట్టి అనుకుంటాం. రిజిస్టరు చూస్తే నిజంగా తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్ళు చేతివేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. మిగతా అందరికీ తల్లులున్నారు. ఆ తల్లులు ఏ నగరంలోనో ఇటుకలు మోస్తున్నారు, లేదా ఊళ్ళోనే కూలికి వెళ్తున్నారు. కూతుర్ని గుడిసెలో ఒంటరిగా వదిలి వెళ్ళడానికి భయపడి ఇక్కడ చేర్చారు. ఆ భయం అబద్ధం కాదు. కానీ బిడ్డని పెంచుకోలేకపోవడానికి కారణం ప్రేమ లేకపోవడం కాదు, నెలకి కొన్ని వేల రూపాయలు లేకపోవడం.

బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్ ఒక సూత్రం చెప్తోంది. పిల్లల్ని సంస్థల్లో పెట్టడం అన్ని దారులూ మూసుకున్నాక తొక్కాల్సిన ఆఖరి దారి. అదే చట్టంలో 45వ సెక్షన్ కింద, బిడ్డ తల్లి దగ్గరే ఉండి చదువుకోవడానికి ఆర్థిక సాయం ఏర్పాటు ఉంది. 2022లో వచ్చిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు ఆ సాయాన్ని ఒక్కో బిడ్డకి నెలకి 4,000 రూపాయలుగా పెట్టాయి. వితంతువులు, విడాకులైనవాళ్ళు, కుటుంబం వదిలేసిన తల్లుల పిల్లలు దానికి అర్హులు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 మించకూడదు. ఆ ఇంట్లో ఉన్న పిల్లల్లో ఎంతమంది ఈ లెక్కలోకి వస్తారో ఊహించండి. దరఖాస్తు పెట్టింది ఒక్కరూ లేరు. తల్లులకి తెలీదు. టీచరమ్మకి విన్నట్టు గుర్తు. చందాలిచ్చే పెద్దలకి దానితో పనిలేదు, తల్లి ఒళ్ళో ఉన్న బిడ్డ ఫొటోకి చెక్కు రాదు కదా.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్ర నియమాల ప్రకారం ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపల, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. వయసు రుజువు లేదని ఏ బడీ బిడ్డని వెనక్కి పంపకూడదు. బడి మానేసిన బిడ్డని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలు ప్రత్యేకంగా చెప్పాలి. ఈ మూడూ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సరిగా జరిగి ఉంటే సగం మంది పిల్లలకి ఈ ఇంటి అవసరమే ఉండేది కాదు. ఆ చట్టం పద్నాలుగేళ్ళ దగ్గర ఆగిపోతుంది. సరిగ్గా ఆడపిల్లకి పెళ్ళి మాటలు మొదలయ్యే వయసు అది. అక్కడినించి ఆ పిల్లని కాపాడుతున్నది రేకుల కప్పు, ఒక రిటైరైన టీచరమ్మ మొండితనం.

మన చరిత్రలో ఇలాంటి ఇళ్ళు దయతో మొదలు కాలేదు. 1863లో పూనాలో జోతిబా, సావిత్రీబాయి ఫూలేలు గర్భవతులైన వితంతువుల కోసం తెరిచిన ఇల్లు ఊరిమీద తిరుగుబాటు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వీరేశలింగంగారింటికి వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రావడం మానేస్తే రాజ్యలక్ష్మమ్మ ఆ పనులన్నీ నెత్తిన వేసుకుంది. ఆ వంటిల్లు కూడా పోరాటమే. నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం జోగినుల మధ్య పనిచేసినప్పుడు వాళ్ళకి నీడ చూపించడంతో ఆగలేదు, వాళ్ళని ఆ స్థితిలో పెట్టిన ఊరితోనూ మాట్లాడింది. 1993లో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైన మహిళా సమతలో బడిమానేసిన ఆడపిల్లల కోసం మహిళా శిక్షణ కేంద్రాలు నడిచాయి. అక్కడ సంఘం ఆడవాళ్ళకి కేంద్రం నడకలో మాట ఉండేది. తమ పిల్లలు ఏం నేర్చుకోవాలో వాళ్ళూ చెప్పేవాళ్ళు. 2016లో కేంద్రం మహిళా సమాఖ్య కార్యక్రమాన్ని ఆపేసినప్పుడు మనం ఖండిస్తూ ప్రకటనలిచ్చాం. ఆ ఖాళీలోకి ఏమొచ్చిందో చూడటానికి మాత్రం పెద్దగా వెళ్ళలేదు.

ఈ ఇంటినే ఎందుకు ఇంతగా తవ్వుతున్నావని నాతో వచ్చిన మిత్రురాలు దారిలో కోప్పడింది. “మంచి మనిషి, ఒంటరిగా లాగుతోంది. చట్టాలు చదివి బెదరగొడితే మూసేస్తుంది. అప్పుడా పిల్లలు ఎక్కడికి పోతారు?” అంది. ఆ భయం నాకూ ఉంది. కానీ 2018లో ముజఫర్‌పూర్ మన కళ్ళముందు జరిగింది. బీహార్‌లో ప్రభుత్వ డబ్బుతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన ఆడపిల్లల ఇల్లు అది. అధికారులు వచ్చి వెళ్తూనే ఉన్నారు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం వచ్చి పిల్లలతో కూర్చుని మాట్లాడాకే అక్కడి అత్యాచారాలు బయటపడ్డాయి. 2020లో నిర్వాహకుడికి శిక్ష పడింది. అంతకు ఏడాది ముందే, 2017లో, ఇలాంటి ఇళ్ళన్నీ నమోదు కావాలని సుప్రీంకోర్టు గడువు పెట్టింది. నమోదు, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు, తనిఖీ ఇవన్నీ మంచివాళ్ళని వేధించే కాగితాలుగా కనిపిస్తాయి. ఈ టీచరమ్మ తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో మనకి తెలీదు కాబట్టి అవి కావాలి. ఒక మనిషి మంచితనం మీద ఆధారపడ్డ రక్షణ ఆ మనిషి ఆయుష్షంతే ఉంటుంది.

ఆ రాత్రి పెద్దపిల్లలతో కూర్చున్నప్పుడు, మీకేం కావాలి అనడిగాం. టీవీ అంటారనుకున్నాం. స్నానాల గదికి లోపలి గడియ కావాలన్నారు. ఆదివారం అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు పక్కన ఎవరూ ఉండొద్దన్నారు. పరీక్షలప్పుడు చూడ్డానికి వచ్చేవాళ్ళు రావద్దన్నారు. పదో తరగతి అమ్మాయి మాత్రం, “పద్దెనిమిది నిండినంక మేం ఏడికి పోవాలె?” అనడిగింది. పద్దెనిమిది దాటాక ఇరవై ఒకటి వరకు సాయం అందించే ఏర్పాటు చట్టంలో ఉంది, 46వ సెక్షన్. కానీ ఆ సాయం చట్టప్రకారం నమోదైన ఇంటినుంచి బయటికొచ్చేవాళ్ళకి. ఆ ఇంటి నమోదు సగంలో ఆగి ఉంది. ఆ పిల్లల్లో చాలామందికి కమిటీ ఉత్తర్వు లేదు. కాగితం విలువ అప్పుడు అర్థమైంది మాకు.

పొద్దున్నే బయల్దేరే ముందు టీచరమ్మతో చాలాసేపు మాట్లాడాం. రిజిస్టరులో గీతలు తీసేసి తల్లుల పేర్లు సంరక్షకులుగా రాయడానికి, హైస్కూలు హెడ్మాస్టరుతో మాట్లాడటానికి ఆవిడ ఒప్పుకుంది. పాసు పుస్తకాలు ఎవరివి వాళ్ళకి ఇచ్చి, ఇంటి ఖర్చుకి ఎంత ఇవ్వాలో ఆ పదకొండు మందీ కూర్చుని నిర్ణయించుకోవడానికి ఒప్పుకుంది. ఇది చెప్తున్నప్పుడు ఆవిడ గొంతులో కొంచెం బాధ ఉంది. నన్ను నమ్మలేదా అన్న బాధ. అది సహజమే. కంప్యూటర్ గది వేళలు మారుతాయి, ఉల్లిపాయల దగ్గర మగపిల్లలూ కూర్చుంటారు. కుట్టుమిషన్లు కూడా ఇద్దరికీ.

బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగింది. “తీసేస్త. ఇయ్యాల్నే తీసేస్త. మరి బియ్యం సంగతి మీరు చూస్తరా?” అంది.

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది. ఈ సంపాదకీయం రాస్తున్నది ఆ ప్రశ్నని మీ ముందుకి తేవడానికే.

మన సంఘాల్లో వకీళ్ళున్నారు, అంగన్‌వాడీ టీచర్లున్నారు, జిల్లా ఆఫీసుల్లో దారులు తెలిసినవాళ్ళున్నారు. ఒక్కో సంఘం తన చుట్టుపక్కల ఇలాంటి ఒక్క ఇంటిని ఎంచుకుందాం. పళ్ళూ బిస్కెట్లతో కాకుండా దరఖాస్తు ఫారాలతో వెళ్దాం. తల్లులెక్కడున్నారో కనుక్కుని, వాళ్ళచేత ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టిద్దాం. నాలుగు వేలు చేతికొస్తే బిడ్డని ఇంటికి తెచ్చుకుంటానన్న తల్లికి తోడు నిలబడదాం. తీసుకెళ్ళలేని తల్లి బిడ్డకి కమిటీ ఉత్తర్వు తెప్పిద్దాం. నమోదు కాని ఇంటిని మూయించకుండా నమోదు చేయించే పని మీద వేసుకుందాం. పిల్లలతో, ముసలివాళ్ళతో నిర్వాహకులు లేని చోట కూర్చుని మాట్లాడదాం. ఏ బిడ్డకైనా హాని జరుగుతోందని తెలిస్తే మొహమాటపడకుండా 1098కి చెప్దాం. మన చందా మాత్రం హాజరు రిజిస్టరు చూసి ఇద్దాం. పిల్లలు బడికి వస్తున్నారా, పై తరగతికి వెళ్తున్నారా, అంతే. వాళ్ళ తల్లి ఎవరో తండ్రి ఏమయ్యాడో మనకి అనవసరం.

వచ్చే నెల మేం మళ్ళీ వెళ్తున్నాం. నాలుగు నెలల బియ్యానికి మా సంఘం మాటిచ్చింది. ఆ నాలుగు నెలల్లో చెయ్యాల్సిన కాగితాల పని పంచుకున్నాం. ఆ తర్వాత ఏమిటన్నది ఇంకా తేలలేదు. తేలిందని మీకు అబద్ధం చెప్పలేను. వెళ్ళినప్పుడు గేటు దగ్గర పిల్లల్ని నిలబెట్టొద్దని ముందే ఫోను చేసి చెప్పాం. ఉల్లిపాయలు కోసే పెద్దమ్మ చెల్లెల్ని చూసి వచ్చిందట. రెండు రోజులు ఉండి వచ్చిందట.

మా కెమెరాలోని ఫొటోలు చెరిపేశాం. ఈ పేజీలో ఎప్పుడూ ఫొటో ఉండే చోటు ఈసారి ఖాళీగా వదిలేశాం.